హాజరు పట్టీలో ఉన్న పేర్లు, లేని పేర్లు

(గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల మైనారిటీ గురుకులాల్లో పదవ తరగతి పరీక్షలు పూర్తిచేసిన విద్యార్థులు, వారి తల్లిదండ్రుల సమావేశంలో 2022 జూన్‌లో చేసిన ప్రసంగ పాఠం)

  

ఇలాంటి సభల్లో మావంటి వయసు మళ్ళినవారు లేచి నిలబడి, ఇస్లాంలో విద్యకున్న స్థానాన్ని గురించి అరగంట ఉపన్యసించి కూర్చోవడం ఒక ఆనవాయితీ. ఆ మాటలు సత్యమే. కానీ వాటిని మీరు మాకంటే బాగా చెప్పగలరని ఇందాక మీలో నలుగురు మాట్లాడినప్పుడు తెలిసింది. కాబట్టి మేము వేరే విషయం మాట్లాడతాము. మీరు మీ ఆరేళ్ళను లోపలి నుంచి చూసి చెప్పారు. అదే ఆరేళ్ళను మేము బయటి నుంచి, గేటు దగ్గర నిలబడి చూశాము. మేమంటే, ఉద్యోగ విరమణ చేసిన గుమస్తాలము, ఉపాధ్యాయులము, ఒకరిద్దరు దుకాణదారులు. సంఘమని రిజిస్టరు చేసుకున్నదీ లేదు, బోర్డు కట్టుకున్నదీ లేదు. పిల్లల్ని బడికి పంపించండని ఇళ్ళ చుట్టూ తిరిగినవాళ్ళము, అంతే.

2016 వేసవి మీకు గుర్తుండకపోవచ్చు. ఆ జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం 71 మైనారిటీ గురుకులాలను ఒకేసారి తెరిచింది. మరుసటి ఏడాది వాటి సంఖ్య ఇంకా పెరిగి, చివరకు 204కు చేరింది. ఐదు, ఆరు, ఏడు తరగతులతో ఆరంభం. తరగతికి రెండు సెక్షన్లు, సెక్షన్‌కు 40 మంది. నాలుగింట మూడు వంతుల సీట్లు మైనారిటీలకు, తక్కినవి ఇతరులకు. ఇంగ్లీషు మాధ్యమం. బడి, భోజనం, పుస్తకాలు, దుస్తులు అన్నీ ఉచితం. ఈ మాటలు అచ్చువేసిన కరపత్రాలు పట్టుకొని మేము మొహల్లాల్లో తిరిగితే మొదటి నెల ఎవరూ నమ్మలేదు. ఉచితమన్న మాటే అనుమానానికి కారణమైంది. 'భాయ్ సాబ్, ఊరికే అన్నం పెట్టి చదివిస్తారా? ఏమి రాయించుకుంటారు మా దగ్గర?' అని ఒక తల్లి సూటిగా అడిగింది. అది న్యాయమైన ప్రశ్న. పేదవానికి ఊరికే ఏదైనా వచ్చిన అనుభవం లేనప్పుడు ఆ ప్రశ్న అడగకపోతేనే ఆశ్చర్యపడాలి.

ఆడపిల్లల విషయంలో మరీ కష్టమైంది. పదేళ్ళ పిల్లను హాస్టలులో వదలడమంటే ఇంట్లో నాయనమ్మ దగ్గరి నుంచి మేనమామ దాకా అందరూ అడ్డుపడ్డారు. మగపిల్లల విషయంలో అడ్డంకి వేరు. పంక్చరు దుకాణంలోనో, వెల్డింగు షాపులోనో, మాంసం కొట్టులోనో పదేళ్ళవాడు ఒక చేయి. ఆ చేయి పోతే దుకాణానికి నష్టం. నడిగడ్డలో ఇంకొకటుంది. గద్వాల చుట్టుపక్కల మండలాల్లో విత్తన పత్తి సాగు ఎంత విస్తారమో, దానిలో పూలను చేత్తో క్రాసింగు చేయడానికి చిన్నపిల్లల వేళ్ళను ఎలా వాడుకున్నారో మీకు మేము చెప్పనవసరం లేదు. మీలో కొందరి అక్కలు ఆ చేలల్లోనే తమ బడి రోజులు పోగొట్టుకున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలో అక్షరాస్యులు సగం మంది కూడా లేరు. రాష్ట్రంలో అట్టడుగున ఉన్నది ఈ జిల్లాయే. రెండు జీవనదుల నడుమ ఉన్న నేల ఇది.

మీ తరగతి ఎలాంటి కాలంలో పెరిగిందో ఒకసారి చూడండి. మీలో అధిక సంఖ్యాకులు 2006, 2007 సంవత్సరాల్లో పుట్టినవారు. 2006 నవంబరులో సచార్ కమిటీ నివేదిక పార్లమెంటు ముందుకు వచ్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ వయసున్న ముస్లిం పిల్లల్లో 25 శాతం మంది అసలు బడి ముఖం చూడనివారో, మధ్యలో మానినవారో అని ఆ నివేదిక తేల్చింది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఈ పేరిట నాలుగు శాతం రిజర్వేషన్ చట్టం చేసింది. 2010లో హైకోర్టు దానిని కొట్టివేసింది. అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు ఆధారంగా అది నేటికీ అమలవుతున్నది. అంటే మీరు ఊయలలో ఉన్నప్పుడు మొదలైన వ్యాజ్యం మీరు పదవ తరగతి దాటినా ముగియలేదు. తెలంగాణ వచ్చిన తరువాత సుధీర్ కమిషన్ 2016లో నివేదిక ఇచ్చింది. 2017 ఏప్రిల్‌లో ఆ నాలుగును పన్నెండు శాతానికి పెంచుతూ మన శాసనసభ బిల్లు ఆమోదించి ఢిల్లీకి పంపింది. అక్కడే ఆగిపోయింది. కమిటీలకు, కమిషన్లకు మన గురించి తెలియనిది ఇక ఏమీ లేదు. తెలిసిన తరువాత ఏమి జరిగిందని అడిగితే, మా వరకు మేము మీ గురుకులాన్నే చూపిస్తాము. కాగితం మీద నుంచి కంచంలోకి, పలక మీదికి దిగివచ్చిన కొద్ది పనులలో అది ఒకటి. దాని లోటుపాట్లు మాకు తెలియనివి కావు. అద్దె భవనాల్లో ఇరుకు గదులు, నీళ్ళకు తిప్పలు, ఏడాది మధ్యలో మారిపోయే పొరుగు సేవల ఉపాధ్యాయులు. వాటిని గురించి వినతిపత్రాలు ఇచ్చినవాళ్ళమూ మేమే. అయినా అది ఉన్నందువల్ల మీరు ఈ రోజు ఇక్కడ కూర్చున్నారు.

మీరు ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో బడిలో చేరారు. ఆ ఏడు దసరా నాటికి, అక్టోబరు 11న, బడి కదలకుండానే మీరు మూడు జిల్లాల వాళ్ళయ్యారు. దస్తావేజుల్లో పనిచేసిన మాకు అది నవ్వు తెప్పించేది. ఒకే తరగతిలో ఒక పిల్లవాని బదిలీ పత్రం మీద మహబూబ్‌నగర్ జిల్లా, పక్కవాని పత్రం మీద నాగర్‌కర్నూలు జిల్లా. ఇది నవ్వి వదిలేసే విషయం కాదని తరువాత చెబుతాము.

ఇందాక ఒక అమ్మాయి తొలి రాత్రి ఎలా ఏడ్చిందో చెప్పి అందరినీ నవ్వించింది. ఆదివారం తల్లి టిఫిను డబ్బాతో వస్తే అందులోని కూర పది మందికి పంచవలసి వచ్చేదనీ, తనకు మిగిలేది రుచి మాత్రమేననీ ఒక అబ్బాయి చెప్పాడు. మాకు ఎక్కువ నచ్చిన మాట ఇంకొకటి. దళిత కుటుంబం నుంచి వచ్చిన ఒక విద్యార్థి, 'మొదటి రంజాన్‌లో సహరీ వేళ అందరూ లేస్తే నాకు నిద్ర పట్టక నేనూ లేచి వారితోపాటు కూర్చున్నాను, తరువాత అదే అలవాటైంది' అన్నాడు. ఆ కుర్రవాడు ఉర్దూలో తన పేరు రాసుకోవడం నేర్చుకున్నాడు. అతని దగ్గర మనవాళ్ళు బోనాల పాట నేర్చుకున్నారు. మైనారిటీ గురుకులమంటే గోడ కట్టుకోవడమేనని పత్రికల్లో రాసినవారు ఆ అబ్బాయితో ఒక పూట మాట్లాడితే బాగుండును.

ఇక కరోనా సంగతి. దీని మీద మీరు ఒక్క ముక్క చెప్పి దాటవేశారు. మేము దాటవేయలేము.

2019 డిసెంబరులో మీరు ఎనిమిదవ తరగతి. పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. ఆ చలికాలమంతా మీ తల్లిదండ్రులు పుట్టిన తేదీ పత్రాల కోసం మున్సిపాలిటీల చుట్టూ, తహసీలు కార్యాలయాల చుట్టూ తిరగడం మేము చూశాము. మీ తాతల పేర్లున్న పహాణీలు, రేషను కార్డులు పెట్టెల్లో నుంచి బయటకు తీశారు. 2020 మార్చి 16న మన శాసనసభ ఆ చట్టానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే కరోనా వల్ల బడులు మూతపడ్డాయి. పెట్టెలు సర్దుకొని మీరు ఇళ్ళకు వెళ్ళారు. మీ పై తరగతి పిల్లలు పదవ తరగతి పరీక్షలు మూడు రాశారో లేదో, అవి ఆగిపోయి, జూన్‌లో పూర్తిగా రద్దయ్యాయి. రాష్ట్రమంతటా 5 లక్షల 34 వేల మందిని పరీక్ష లేకుండానే పై తరగతికి పంపారు. మరుసటి ఏడాదీ అంతే. మీకు మాత్రం పరీక్ష తప్పలేదు.

కానీ తొమ్మిదవ తరగతి అనేది మీకు లేదు. సెప్టెంబరు నుంచి టీశాట్‌లో, దూరదర్శన్‌లో పాఠాలు వచ్చాయి. ఇంటికి ఒక ఫోను, ఆ ఫోను తండ్రితో పాటు ఆటోలో తిరుగుతుంటే పాఠం ఎవరికి వినిపిస్తుంది? 2021 ఫిబ్రవరిలో తెరిచిన బడులు మార్చి చివర్లో మళ్ళీ మూతపడ్డాయి. సెప్టెంబరులో మామూలు బడులు తెరిచినా, హైకోర్టు ఆదేశం వల్ల గురుకులాలు అక్టోబరు దాకా ఆగవలసి వచ్చింది. ఏడాదిన్నర. మావంటివారికి ఇందులో ఒక పోలిక తోచింది. మేము ఆరవ తరగతిలో ఉండగా 1969 తెలంగాణ ఉద్యమం వచ్చింది. నెలల తరబడి చదువు సాగలేదు. కానీ ఆనాడు బడి ఆగితే మేము వీధిలో ఆడుకున్నాము, తెరిచాక తిరిగి వెళ్ళాము. ఈసారి అలా జరగలేదు. ఇళ్ళలో సంపాదన ఆగింది. ముంబాయి, పుణె నుంచి వలస కూలీలు కాలినడకన తిరిగివచ్చారు. బడి మూత పడ్డ పిల్లవాడు పనికి వెళ్ళక తప్పని పరిస్థితి.

అక్టోబరులో గేట్లు తెరిచినప్పుడు మేము ఒక పని చేశాము. ప్రిన్సిపాళ్ళ అనుమతితో, మాకు అందుబాటులో ఉన్న మేరకు, రానివారి పేర్లు రాసుకున్నాము. ఆ పేర్లున్న ఇళ్ళకు వెళ్ళాము. కొందరు ఊరు మారారు. కొందరు మామూలు సర్కారు బడుల్లో చేరారు, వారికి దిగులు లేదు. తక్కిన ఇళ్ళ సంగతే చెప్పాలి. ఒక అబ్బాయి పెబ్బేరు సంతలో తండ్రి పక్కన గొర్రెల బేరం చేస్తున్నాడు. మమ్మల్ని చూసి దాక్కోలేదు. 'చాచా, నాకిప్పుడు రోజుకు నాలుగు వందలు వస్తాయి, చదివితే పదేళ్ళ తరువాత ఎంత వస్తుంది?' అని లెక్క అడిగాడు. వానికి గణితం బాగా వచ్చునని మాకు అర్థమైంది. మేము ఆ రోజు జవాబు చెప్పి ఒప్పించలేకపోయాము. మూడోసారి వెళ్ళినప్పుడు తండ్రి ఒప్పుకున్నాడు, కొడుకు ఒప్పుకోలేదు.

ఇంకొక ఇంటి ముందు పందిరి వేసి ఉన్నది. మీ తరగతి అమ్మాయే. వయసు పదిహేను. ఆ తల్లి మమ్మల్ని లోపలికి పిలిచి టీ ఇచ్చింది. పెళ్ళికి నెల రోజులుందని చెప్పింది. కోపంతో వాదించడం సులువే. ఆమె భర్త కరోనాలో పోయాడని తెలిసిన తరువాత మా గొంతు లేవలేదు. అయినా కూర్చున్నాము. షాదీ ముబారక్ సాయం 1,00,116 రూపాయలు పద్దెనిమిదేళ్ళు నిండిన వధువుకే వస్తుందని, ఈ పెళ్ళికి ఆ డబ్బు రాదని, పైగా చట్టప్రకారం ఇది నేరమని, కాజీ కూడా చిక్కుల్లో పడతాడని చెప్పాము. ధర్మం, చట్టం చెప్పినప్పుడు కదలని మనసు ఆ లక్ష రూపాయల దగ్గర కొంచెం కదిలింది. దీనికి మేము ఆమెను తక్కువ చేయము. పెళ్ళి వాయిదా పడింది. ఆ అమ్మాయి నవంబరులో బడికి వచ్చింది. ఈ రోజు ఇక్కడే ఉన్నది. ఎక్కడ కూర్చున్నదో మేము చూడము, మీరూ చూడకండి.

అందరి ఇళ్ళలో అలా జరగలేదు. మా పుస్తకంలో ఇంకా పదకొండు పేర్లున్నాయి. ఏడుగురు అబ్బాయిలు, నలుగురు అమ్మాయిలు. ఆ నలుగురిలో ఇద్దరికి పెళ్ళిళ్ళు అయిపోయాయి. మీ ఆరేళ్ళను తలచుకొనేటప్పుడు మీరు ఫోటోలు తీసుకుంటున్నారు, సంతకాలు చేయించుకుంటున్నారు. ఆ ఫోటోల్లో లేని పదకొండు మంది కూడా మీ తరగతే. వారి ఇళ్ళు మాకంటే మీకు బాగా తెలుసు. మేము వెళితే 'పెద్దవాళ్ళు వచ్చారు' అని ముడుచుకుంటారు. మీరు వెళితే కూర్చోబెట్టి మాట్లాడతారు. తెలంగాణ సార్వత్రిక విద్యాపీఠం, అందరూ ఓపెన్ స్కూలు అంటారే, దాని ద్వారా వారు పదవ తరగతి రాయవచ్చు. పెళ్ళయిన అమ్మాయి కూడా రాయవచ్చు. రుసుము సంగతి మేము చూస్తాము. ఫారం మీద సంతకం పెట్టించే పని మీది.

ఇక మీ చేతికి రాబోయే మెమో సంగతి. ముప్పై ఏళ్ళకు పైగా దఫ్తరుల్లో బతికినవాళ్ళము కాబట్టి దీనిని గురించి కొంచెం ఎక్కువ మాట్లాడనివ్వండి.

మన పేర్లతో మనకున్నన్ని కష్టాలు మరెవరికీ లేవు. తండ్రి ఆధార్‌లో షేక్ మహబూబ్, రేషను కార్డులో మైబు, భూమి పాసుపుస్తకంలో మహబూబ్ సాబ్. కొడుకు ఊరి బడిలో ఎస్.కె. మౌలాలి, గురుకులంలో షేక్ మౌలా అలీ. మహమ్మద్ అనే ఒక్క పేరును ఎం.డి. అని ఒక చోట, మొహమ్మద్ అని ఒక చోట, మహ్మద్ అని ఒక చోట రాస్తారు. ఆడపిల్లకు పుట్టినప్పుడు బీ, బడిలో బేగం, పెళ్ళిపత్రికలో సుల్తానా. ఇంటిపేరు రాయండని ఫారం అడుగుతుంది. ఇంటిపేరు లేని ఇళ్ళలో గుమస్తా తనకు తోచింది రాస్తాడు. తోటి గుమస్తాలను నిందించడం లేదు. ఎదుట క్యూ నిలబడి ఉన్నప్పుడు, చెప్పే మనిషికే అక్షరాలు తెలియనప్పుడు, చెవికి ఎలా వినిపిస్తే అలా రాయడం జరుగుతుంది. కానీ ఆ వినికిడి మీ జీవితాంతం మిమ్మల్ని వెంటాడుతుంది. 2009 అక్టోబరు వరదల్లో అలంపురం, రాజోలి ప్రాంతాల ఇళ్ళలో ఉన్న కాగితాలన్నీ కొట్టుకుపోయాయి. ఆ కుటుంబాల పిల్లలకు మళ్ళీ తీసుకున్న పత్రాల్లో మరిన్ని తేడాలు వచ్చాయి.

పదవ తరగతి మెమోలో పడిన పేరు, పుట్టిన తేదీయే ఇక మీ పేరు, మీ తేదీ. పాసుపోర్టుకు అదే, ఉద్యోగానికి అదే. అందుకని మెమో చేతికి వచ్చిన రోజున మార్కులు చూసే ముందు పేరు చూడండి. తండ్రి పేరు, తల్లి పేరు, తేదీ, పుట్టుమచ్చలు చూడండి. బడి ప్రవేశ రిజిస్టరులో సరిగా ఉండి మెమోలో తప్పు పడితే, ప్రధానోపాధ్యాయుని ద్వారా పరీక్షల బోర్డుకు రాసి సరిచేయించవచ్చు. ప్రవేశ రిజిస్టరులోనే తప్పుంటే అది చాలా కష్టం, పుట్టిన తేదీ అయితే కోర్టు దాకా పోవలసి రావచ్చు. మెమో సరిగా ఉంటే, ఆధార్‌ను మెమోకు అనుగుణంగా మార్చుకోండి. ఆధార్ కోసం మెమోను మార్చాలని పరుగెత్తకండి. చాలామంది తలకిందులుగా చేసి ఏళ్ళు పోగొట్టుకుంటున్నారు.

కులం పత్రం రెండవది. 'మేము ముస్లింలము, మాకు కులమేమిటి' అని కొందరు పెద్దలు పత్రమే తీసుకోరు. వారి విశ్వాసాన్ని మేము గౌరవిస్తాము. కానీ చట్టంలో ఉన్నది వృత్తుల వెనుకబాటుతనం. తురక కాశలు, అత్తరు సాయిబులు, ఫకీర్లు, ఖురేషీలు, లబ్బీలు, హజాములు, షేకులు బీసీ-ఈలో ఉన్నారు. దూదేకులవారు మొదటి నుంచీ బీసీ-బీలో ఉన్నారు. వారు బీసీ-ఈ అడిగి తిరస్కరణ పొందడం మేము చూశాము. సయ్యదులు, పఠానులు, మొఘలులు బీసీ-ఈలో లేరు. ఆ కుటుంబాల పిల్లలు ఏడాది ఆదాయం ఎనిమిది లక్షలలోపు ఉంటే, నిబంధనల మేరకు ఈడబ్ల్యూఎస్ పత్రం తీసుకోవచ్చు. మన రాష్ట్రంలో అది 2021 నుంచి అమలులో ఉన్నది. మీ సేవలో దరఖాస్తు చేసి తహసీల్దారు కార్యాలయం నుంచి పొందాలి. ప్రవేశాల గడువు ముందురోజు వెళ్ళి క్యూలో నిలబడి తిట్టుకోవడం కంటే ఈ నెలలోనే వెళ్ళండి.

మూడవది మేము ఇందాక వాయిదా వేసిన జిల్లాల మాట. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం, రేపు ఉద్యోగాల్లో మీరు ఏ జిల్లాకు స్థానికులన్నది ఒకటి నుంచి ఏడవ తరగతి వరకు కనీసం నాలుగేళ్ళు ఎక్కడ చదివారన్న దానిని బట్టి తేలుతుంది. మన ఐదు జిల్లాలు జోగులాంబ జోన్‌లో ఉన్నాయి. మీలో గద్వాల మండలాల్లో నాలుగవ తరగతి దాకా చదివి వనపర్తి గురుకులంలో చేరినవారున్నారు. వారి స్థానికత ఏ జిల్లాకు వస్తుందో ఆ నాలుగేళ్ళ చదువు ధ్రువపత్రం చెబుతుంది. ఆ పత్రం ఇచ్చే ఊరి ప్రాథమిక పాఠశాలలో ఒకరో ఇద్దరో ఉపాధ్యాయులుంటారు. అందులోనూ కొన్ని ఉర్దూ మాధ్యమ పాఠశాలలు మూతపడే దశలో ఉన్నాయి. మొన్న మార్చిలో ప్రభుత్వం 80,039 ఉద్యోగాలు నింపుతామని శాసనసభలో ప్రకటించిన తరువాత, పదేళ్ళ కిందటి చదువు పత్రాల కోసం మీ అన్నలు ఎంత అవస్థ పడుతున్నారో చూడండి. రిజిస్టరు దొరకని బడులున్నాయి, చెదలు తిన్న రిజిస్టర్లున్నాయి. ఇప్పుడే తెచ్చుకొని భద్రపరచుకోండి.

ఉర్దూ మాట వచ్చింది కాబట్టి రెండు మాటలు. మీరు ఇంగ్లీషులో చదివారు, మంచిదే. మీ తల్లిదండ్రుల కోరిక అదే. అయితే గురుకులాల వెలుగులో ఉర్దూ మాధ్యమ బడులు చీకట్లో పడిపోతున్నాయి. ఉపాధ్యాయ నియామకాలు జరిగినప్పుడల్లా ఉర్దూ మాధ్యమంలో ఎస్సీ, ఎస్టీలకు కేటాయించిన పోస్టులు అభ్యర్థులు లేక ఖాళీగా మిగిలిపోతాయి. ఆ రిజర్వేషన్‌కు మేము వ్యతిరేకులము కాము. ఆ పోస్టులను ఇతర మాధ్యమాల్లో ఆ వర్గాలకే చూపించి, ఇక్కడ ఉర్దూ వచ్చినవారిని నియమించే మార్గం వెతకమని ఏళ్ళుగా అడుగుతున్నాము. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన అందేలా చూడాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం చెబుతుంది. గురువు లేని బడి ఆ అధికరణాన్ని ఎలా నెరవేరుస్తుంది?

2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా చేశారు. మీలో ఉర్దూ ఒక భాషగా చదివినవారు దానిని ఇక్కడితో విడిచిపెట్టకండి. ఈ మూడు జిల్లాల తహసీలు కార్యాలయాల్లో పాత సేత్వార్లు, 1954-55 ఖాస్రా పహాణీలు ఉర్దూలో ఉన్నాయి. భూమి తగాదా వస్తే రైతులు, హిందువులైనా ముస్లింలైనా, ఆ కాగితం చదివి చెప్పేవాని కోసం ఊరూరా వెతుకుతారు. మాలో ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ళము మిగిలాము. తెలుగునూ అంతే శ్రద్ధగా చదవండి. గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డిగారు ఈ నడిగడ్డ బిడ్డ. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికైనవారు. ఆయన తెలుగు కోసం పోరాడారు, ఉర్దూ, ఫార్సీ చక్కగా ఎరిగి ఉండి పోరాడారు. ఒక భాష రావడానికి ఇంకొక భాష పోవాలన్న నియమం ఈ గడ్డ మీద ఎన్నడూ లేదు.

అమ్మాయిలకు ప్రత్యేకంగా ఒక మాట. సరిహద్దు దాటితే రాయచూరు. అక్కడి మీ వయసు పిల్లలు ఈ మార్చిలో, వారి హైకోర్టు తీర్పు తరువాత, తలమీద హిజాబు తీసి పరీక్ష రాయాలా, పరీక్ష మానాలా అనే స్థితిలో పడ్డారు. మన రాష్ట్రంలో అలాంటి నిషేధం లేదు. మీ పరీక్షాకేంద్రాల్లో మీరు మీకు నచ్చిన దుస్తుల్లో కూర్చొని రాశారు. అది ఎవరో మీకు చేసిన ఉపకారం కాదు, మీ హక్కు. అయితే సరిహద్దు అవతలి పిల్లలకూ అది హక్కే. వారి వ్యాజ్యం సుప్రీంకోర్టులో ఉన్నది. దానిని గురించి చదవండి, పత్రిక కత్తిరింపులు దాచుకోండి. మీలో న్యాయశాస్త్రం చదవాలన్న అమ్మాయి ఒకరు ఇందాక చేయి ఎత్తారు. ఆమెకు మేము చెప్పేది ప్రత్యేకంగా అది.

పై చదువులను గురించి ఉపాధ్యాయులు మాట్లాడతారు కాబట్టి మేము క్లుప్తంగా ముగిస్తాము. పాలిసెట్ ఈ నెల 30న. వనపర్తి రాజప్రాసాదంలో నడిచే పాలిటెక్నిక్ ఈ ప్రాంతపు పేదల ఇంజనీరింగు కళాశాల. దానిని చిన్నచూపు చూడకండి. ఇంటర్మీడియెటుకు మన సొసైటీ కళాశాలలున్నాయి. ఆ తరువాత గద్వాల కోటలోని మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ డిగ్రీ కళాశాల వంటివి ఉన్నాయి. ప్రైవేటు కళాశాలల ప్రచారకులు ఇప్పటికే మీ ఇళ్ళ చుట్టూ తిరుగుతున్నారని విన్నాము. అసలు పత్రాలు, ముఖ్యంగా బదిలీ పత్రం, సీటు ఖాయమయ్యేదాకా ఎవరి చేతికీ ఇవ్వకండి. నకళ్ళు మాత్రమే ఇవ్వండి.

సభ ముగిసిన తరువాత ఆ వేపచెట్టు కింద బల్ల వేసుకొని మేము నలుగురము కూర్చుంటాము. ఆధార్, బడి బదిలీ పత్రం, తండ్రి రేషను కార్డు తెచ్చినవారు ఇప్పుడే చూపించండి. తేడాలుంటే రాసుకుంటాము. తేనివారు ఆదివారం రండి. ఆ పదకొండు మంది పేర్లు, ఊర్లు ఉన్న జాబితా కూడా ఆ బల్ల మీదనే ఉంటుంది. ఎవరి ఊరికి దగ్గర్లో ఉన్న పేరు వారు చదివి, పక్కన తమ పేరు, ఫోను నెంబరు రాసిపెట్టి వెళ్ళండి. వస్సలాం.